శ్రీకాళహస్తి కలంకారీ: ఏటి నీళ్లు, కసిమి కుండ, గుడి స్తంభాలు

వెదురు కలంతో బొమ్మ గీసి రంగులు వేసే కలంకారీ గుడ్డ ఒకటి మొదటి ఉతుకు నుంచి చివరి ఉతుకు దాకా పూర్తి కావడానికి తక్కువలో తక్కువ మూడు వారాలు పడుతుంది. రామాయణమంతా పట్టే పెద్ద తెర అయితే నెలలే. వారం రోజుల సెలవుతో శ్రీకాళహస్తి వెళ్లినవాళ్లు ఒకే గుడ్డను పట్టుకుని కూర్చుంటే కరక్కాయ పాలు పట్టించే తొలి దశ దగ్గరే సెలవు అయిపోతుంది. అందుకని నాలుగైదు గుడ్డలు నాలుగైదు దశల్లో ఉన్న ఇంటిని ముందే ఎంచుకుని, ఏ రోజు ఏ పని జరుగుతుందో ఫోన్లో కనుక్కుని బయల్దేరాలి. ముఖ్యంగా ఎర్ర రంగు ఉడికించే రోజు అడగాలి. అది రోజూ జరగదు; నాలుగు గుడ్డలు పోగయ్యాకే పొయ్యి వెలిగిస్తారు.

వెళ్లడానికి జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో పడి వెళ్లిపోయి ఉంటాయి, ఊరి పక్కన పారే స్వర్ణముఖిలో ఇంకా నాలుగు నీళ్లు ఉంటాయి, ఎండ గుడ్డ ఆరడానికి సరిపోతుంది, మనిషిని మాడ్చదు. మహాశివరాత్రి ఉత్సవాల రోజుల్లో మాత్రం గది దొరకదు, పనివాళ్లూ దొరకరు.

సోమవారం

తిరుపతి సెంట్రల్ బస్టాండు నుంచి శ్రీకాళహస్తికి తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి. 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, గంట ప్రయాణం. గూడూరు–రేణిగుంట రైలు మార్గం మీద కూడా స్టేషను ఉంది. పొద్దున 8 గంటలకల్లా ఊళ్లో ఉంటే గుడ్డ పిండే పని చూడొచ్చు.

పని మొదలయ్యేది బొమ్మతో కాదు, గంజి వదిలించడంతో. వాడేది గాడా, అంటే చలువ చేయని ముతక నూలు గుడ్డ. మిల్లులో పట్టించిన గంజి, నూలు మీది సహజమైన జిడ్డు రెండూ పోవాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున బండమీద బాది, ఎండలో ఆరేస్తారు. గంజి పోయిందో లేదో తేల్చుకోవడానికి ఆరిన గుడ్డ మీద ఒక చుక్క నీళ్లు వేసి చూస్తారు. వెంటనే పీల్చుకుంటే సరే. చుక్క కాసేపు పైనే నిలబడితే మళ్లీ నానబెట్టాల్సిందే. ఇక్కడ బద్ధకించిన గుడ్డ, పది రోజుల తర్వాత ఎరుపు దగ్గర మచ్చలు మచ్చలుగా పట్టి బండారం బయటపెడుతుంది. అప్పటికి బొమ్మంతా గీసేసి ఉంటారు.

తర్వాత కరక్కాయ. ఎండిన కాయను గింజ తీసి దంచిన పొడి, పచ్చి గేదె పాలు, నీళ్లు. ఒక్కో ఇంటి లెక్క ఒక్కోలా ఉంటుంది. మోటుగా చెప్పాలంటే కిలో గుడ్డకు (గాడా అయితే ఐదారు మీటర్లు) 200 గ్రాముల పొడి, లీటరు పాలు, గుడ్డ మునిగేటన్ని నీళ్లు. పొడిని ముందు కొద్ది నీళ్లలో నానబెట్టి వడకట్టి పాలలో కలపాలి. వడకట్టకుండా వేస్తే పొట్టు గుడ్డకు అంటుకుని, ఆ చోట కసిమి (ఇనుముతో చేసే నల్ల సిరా) తగలగానే నల్ల చుక్కలు లేస్తాయి. గుడ్డను ముంచి, అన్ని మడతలూ తడిసేలా పిసికి, గట్టిగా పిండి, మడత లేకుండా ఎండలో పరుస్తారు. ఆరాక లేత పసుపుతో కూడిన మీగడ రంగు వస్తుంది. కాళహస్తి గుడ్డకు ఉండే ఆ పాత కాగితం లాంటి నేల రంగుకు మొదలు ఇక్కడే.

కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపుగా మారుతుంది, ఎరుపుకు ఆధారమయ్యే పటికను గుడ్డకు పట్టి ఉంచుతుంది. పాల పని వేరు. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు పోగుల మధ్య చేరి రంగును పాకనివ్వవు. ఆవు పాలు పనికి రావా అని చాలామంది అడుగుతారు. పనికొస్తాయి గానీ పలచన. "పాలు పలచనైతే గీత పారిపోతాదన్నా" అంటారు ఇక్కడి పనివాళ్లు. దుకాణం ప్యాకెట్ పాలలో చాలావాటికి వెన్న తీసి ఉంటుంది కాబట్టి వాటితోనూ అదే ఇబ్బంది. పాలు విరిగి ఉంటే ఇంకా చేటు. తరకలు గుడ్డ మీద గట్టిపడి కలం మొనకు అడ్డుపడతాయి. పాలు పట్టిన గుడ్డను వానాకాలంలో నిల్వ పెట్టకూడదు, బూజు ఖాయం.

మంగళవారం

కసిమి కుండ ఉండేది పెరట్లో ఓ మూల. మూతకు గుడ్డ కట్టి ఉంటుంది. విప్పితే పులిసిన వాసన గుప్పుమంటుంది. లోపల తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, పాత మేకులు, లాడాలు, బెల్లం, నీళ్లు. 5 లీటర్ల నీళ్లకు అర కిలో నుంచి కిలో ఇనుము, అర కిలో బెల్లం అనేది వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి. కొందరు తాటిబెల్లం కూడా కలుపుతారు. ఇనుముకు నూనె, పెయింటు ఉంటే ముందు మంటలో కాల్చి తీసేయాలి. 15 నుంచి 20 రోజులు పులిస్తే బెల్లం నీళ్లు పుల్లటి ఆమ్లంగా మారి ఇనుమును కరిగించుకుంటాయి. ఎండాకాలంలో తొందరగా, చలికాలంలో ఆలస్యంగా.

సిద్ధమైందని తెలుసుకునేది రంగు చూసి కాదు. కుండలోని ద్రవం మురికి గోధుమ రంగులోనే ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ ముక్క మీద ఓ గీత గీస్తారు. కలం దాటిన వెంటనే ఆ గీత నల్లగా తిరగాలి. బూడిద రంగులో ఆగిపోతే ఇంకో నాలుగు రోజులు. మాగిన కసిమిని వడకట్టి వేరే పాత్రలో పెట్టుకుంటారు. చిక్కగా ఉంటే మంచిదే కదా అని ఇనుము మరీ ఎక్కువ పట్టిస్తే కొన్నేళ్లకు నల్ల గీత ఉన్న చోటే గుడ్డ తినేసుకుపోతుంది. పాత తెరల్లో బొమ్మల హద్దుల వెంట కత్తిరించినట్టు చిరిగి ఉండడం చూసి చెదలు పట్టాయనుకుంటారు. చెదలు కాదు, ఇనుము.

కలం అంటే జానెడు వెదురు పుల్ల. గీతకు సన్నగా చెక్కిన మొన, రంగు నింపడానికి మొద్దు మొన. మొనకు అంగుళం, అంగుళంన్నర పైన ఉన్ని గానీ గుడ్డ పీలికలు గానీ ఉండలా చుట్టి దారంతో కట్టేస్తారు. ఆ ఉండే సిరాబుడ్డి. కసిమిలో ముంచి తీసి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఉండను కొద్దిగా నొక్కితే రంగు పుల్ల వెంట మొనకు దిగుతుంది. నొక్కుడు తగ్గితే గీత సన్నబడుతుంది, ఎక్కువైతే చుక్క జారుతుంది. కనుబొమ్మ నుంచి ముక్కు మీదుగా పెదవి దాకా ఒకే ఊపులో లాగే గీతను దగ్గర నుంచి చూస్తే, చేయి కదలడం కన్నా ఆ రెండు వేళ్లు ఊపిరి తీసినట్టు బిగిసి వదలడమే ఎక్కువ కనిపిస్తుంది. ఉండను వదులుగా కడితే ఒక్కసారే కారిపోతుంది, బిగించి కడితే పది గీతలకే ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బొమ్మ కంటే ఈ కట్టు కుదరడమే కష్టం.

మొదటి రేఖలు చింతపుల్లను కాల్చి చేసిన బొగ్గుతో వేస్తారు; గుడ్డతో దులిపితే పోతుంది. దాని మీద కసిమి గీత. కసిమి చుక్క తప్పుగా పడితే నిమ్మరసం రాసి తీయొచ్చు, నిమ్మలోని పులుపు ఇనుమును వదిలిస్తుంది. కానీ తీసిన చోట మళ్లీ గీస్తే మునుపటి నలుపు రాదు. కాబట్టి నిమ్మకాయ దగ్గర పెట్టుకుంటారు గానీ దాన్ని నమ్ముకోరు.

బుధవారం

ఈ రోజు గుడికి. ఆదివారాలు, రాహుకాలం వేళల్లో రాహుకేతు పూజల రద్దీలో స్తంభం కూడా కనిపించదు. బుధవారం రాహుకాలం మధ్యాహ్నం 12 నుంచి 1:30. పొద్దున 6 గంటలకు లోపల ఉంటే నాలుగు గంటలు ప్రశాంతంగా చూసుకోవచ్చు. ఫోను బయట పెట్టి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్లాలి. బొమ్మ నేర్చుకునేవాళ్లకు అదే మేలు కూడా.

కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. ఇప్పుడు కనిపించేది దాని స్థానంలో కట్టి 2017లో కుంభాభిషేకం చేసినది. రాయల నాటి నూరుకాళ్ల మండపం మాత్రం ఉంది. కలంకారీ బొమ్మకు, విజయనగర స్తంభ శిల్పానికి ఉన్న చుట్టరికం ఇక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది. స్తంభం ముఖాన్ని గళ్లుగా విడదీసి ఒక్కో గడిలో ఒక్కో మూర్తిని కూర్చినట్టే తెర మీద కథను గళ్లుగా విడదీస్తారు. మూర్తుల మీది తోరణం గుడ్డ మీదకు వచ్చేసరికి గడికి పై హద్దు అవుతుంది. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, ఎత్తుగా కట్టిన కొప్పు, చీర కుచ్చిళ్ల విసురు, ఇవన్నీ ఆ కాలపు కుడ్యచిత్రాల్లో, లేపాక్షి పైకప్పు మీద కూడా కనిపించేవే. ప్రేరణ అనగానే ఏదో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు మాట్లాడుతుంటారు గానీ, ఇక్కడ అది చేయి చాపితే తగిలే రాయి.

గుడ్డ మీద అమరిక ఇలా ఉంటుంది. ముందు నాలుగు పక్కలా అంచులు కొలిచి గీస్తారు. నడిమధ్య పెద్ద గడి: పట్టాభిషేకమో, కల్యాణమో, గీతోపదేశమో. దాని చుట్టూ అడ్డ వరసలు, ఒక్కో వరసలో కథ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య ఒక చెట్టో స్తంభమో హద్దు. గడి కింద సన్నటి పట్టీలో తెలుగులో కథ రాస్తారు. గుడిలో దేవుడి వెనక వేలాడే తెరగా, రథానికి అలంకారంగా, కథ చెప్పేవాడు కర్రతో చూపించే పటంగా పనికొచ్చిన గుడ్డ ఇది. దూరం నుంచి ఎవరెవరో తెలియాలి. అందుకే రంగుల కట్టుబాటు. రాముడు, కృష్ణుడు నీలం, స్త్రీలు పసుపు, హనుమంతుడు ఆకుపచ్చ, రాక్షసులు ఎరుపు.

ఊరి కథకు ఊళ్లో ఉన్నంత గిరాకీ ఇంకెక్కడా లేదు. సాలెపురుగు, పాము, ఏనుగు. శ్రీ, కాళము, హస్తి. ఆ వెంట తిన్నడు, అంటే కన్నప్ప. ధూర్జటి కావ్యంలో చదివిన కథలే. గుడి వెనక కొండ మీద భక్త కన్నప్ప గుడికి మెట్లెక్కి వెళ్లొచ్చు; పైనుంచి గుడి, గోపురాలు, పక్కన స్వర్ణముఖి ఒకే చూపులో కనిపిస్తాయి. కన్నప్ప గడిని గీయడం తేలికేం కాదు. ఒక కన్ను అప్పటికే లింగానికి చేరింది, రెండో కంటికి బాణం ఎత్తి ఉంది, చోటు తెలియడానికి కాలు లింగం మీద ఉంది. కాలు మోటుగా పడితే భక్తి పోయి అపచారంలా కనిపిస్తుంది. సుతారంగా పడితే బోయవాడు కాకుండా పోతాడు. మంచి చేతులు మడమను లింగానికి ఆనించకుండా వేళ్లు మాత్రం తాకిస్తాయి, బరువంతా వెనక కాలి మీద ఉంచుతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, గీసే రోజున ఆ కంటి నుంచి రక్తం కారదు. ఆ చోట పటికనీళ్లు మాత్రమే పడతాయి. నెత్తురు కనిపించేది గుడ్డ ఉడికాకే.

గురువారం

యాత్రలో పోగొట్టుకోకూడని రోజు ఇదే. తెల్లారకముందే లేవాలి.

ఎరుపు రావాల్సిన చోటల్లా ముందే పటిక రాసి ఉంటారు. లీటరు వేడినీళ్లకు 100 గ్రాముల పటిక చాలు. ఇంకా వేస్తే చల్లారాక పలుకులు తేలి, కలం మొన దగ్గర అడ్డుపడతాయి. పటికనీళ్లకు రంగు లేదు కాబట్టి ఎక్కడ రాశారో తెలియడానికి కడిగితే పోయే రంగు ఏదైనా చిటికెడు కలుపుకోవడం పాత పద్ధతి. రాశాక కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆరనివ్వాలి. తొందరపడి అదే రోజు కడిగేస్తే పటిక పోగుకు పట్టదు, ఎరుపు కాస్తా గులాబీ అవుతుంది.

కడగడానికి పారే నీళ్లు కావాలి. ఈ ఒక్క మాటలోనే కలంకారీ ఈ ఏటి ఒడ్డున ఎందుకు నిలిచిందో ఉంది. గుడ్డను ప్రవాహంలో పరిచి పట్టుకుంటే అంటని పటిక కొట్టుకుపోతుంది. తొట్టిలో ముంచితే వదిలిన పటిక అక్కడక్కడే తిరిగి, రాయని చోట కూర్చుంటుంది. ఉడికించాక నేలంతా ఎర్రబారి బొమ్మ మురికిగా తేలుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు ఏడాది పొడుగునా ఉండవు. ఎండాకాలంలో బోరు నీళ్లే గతి. అప్పుడు తొట్టి నీళ్లు మూడు నాలుగు సార్లు మార్చాలి, గొట్టంతో ధారగా పోయాలి. బోరు నీటిలో ఇనుము ఉంటే ఇంకో చిక్కు: కరక్కాయ గుడ్డ అంతా సన్నగా బూడిదబారుతుంది. సున్నం ఉన్న నీళ్లు మాత్రం ఎరుపుకు మంచివే, రంగు విచ్చుకుంటుంది. కొత్త బోరు వేసినప్పుడు గుడ్డ ముక్క ఒకటి ముందు ఉతికి చూసుకునేది ఇందుకే.

ఉడకబెట్టేది రాగి పాత్రలో. ఇనుప పాత్ర అయితే ఎరుపు నల్లబడి ఇటుక రంగుకు దిగుతుంది. నీళ్లలో మంజిష్ఠ వేళ్ల పొడి వేస్తారు. పూర్వం కోరమాండల్ తీరమంతటా ఎరుపంటే ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుదే; ఇప్పుడు అది తవ్వేవాళ్లు అరుదు. చాలాచోట్ల పొయ్యిలో పడేది కొన్న అలిజరిన్ పొడి. అది మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే రంగునే 1869 ప్రాంతంలో ప్రయోగశాలలో తయారుచేయడం నేర్చుకున్నది. అలిజరిన్ వాడారని చెప్పి అమ్మితే తప్పులేదు. వాడి చెప్పకపోవడమే గొడవ. అన్నట్టు, శేషాచలం పక్కనే ఉంది కదా, ఈ ఎరుపు ఎర్రచందనంతో చేస్తారా అని తిరుపతి వచ్చినవాళ్లు తప్పక అడుగుతారు. చేయరు. ఎర్రచందనం రంగు నీళ్లలో సరిగా కరగదు, గుడ్డకు గట్టిగా నిలవదు.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డ వేయాలి. కాగే నీళ్లలో ఒక్కసారిగా వేస్తే ముందు తగిలిన చోట రంగు ఎక్కువ పట్టేస్తుంది. ఇద్దరు నిలబడి కర్రలతో ఆపకుండా ఎత్తి తిప్పుతుంటారు, నెమ్మదిగా మంట పెంచుతారు. గంట సేపు ఆ పని. ఒక మడత కాసేపు అలాగే ఉండిపోతే మచ్చ. మంట మరీ ఎక్కువైతే మంజిష్ఠ ఎరుపు గోధుమవైపు తిరుగుతుంది. తీసేసరికి గుడ్డంతా ఎర్రగానే ఉంటుంది. పటిక రాసిన చోట ముదురు, మిగతా చోట లేత. మొదటిసారి చూసేవాళ్లు గుడ్డ పాడైపోయిందనే అనుకుంటారు.

దాన్ని తేల్చేది పేడ, ఎండ. గొర్రె పెంటికలు గానీ ఆవుపేడ గానీ కలిపిన నీళ్లలో రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున కడిగి, ఏటి ఇసుక మీద పరిచి నీళ్లు చల్లుతారు. ఆరకూడదు. ఆరబోతుంటే మళ్లీ చల్లాలి. తడి, ఎండ రెండూ కలిస్తేనే ఆధారం లేని రంగు వెలుస్తుంది. పటిక పట్టుకున్న ఎరుపు, ఇనుము పట్టుకున్న నలుపు నిలబడతాయి. రెండు మూడు రోజులు ఇదే వరస. ఇసుక మీద పక్కపక్కనే మొదటి రోజు గుడ్డ, మూడో రోజు గుడ్డ పరిచి ఉంటే ఆ తేడా చూడడానికే కాళహస్తి రావొచ్చు. పేడ బదులు బ్లీచింగ్ పౌడరు వాడితే అరగంటలో పని అయిపోతుంది. నేల మీగడ రంగు కాకుండా సున్నం తెలుపు అవుతుంది, నూలు బలం కూడా పోతుంది.

1742లో కోర్దూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరు ఈ తీరంలో గుడ్డకు రంగులు వేసే తీరును ఉత్తరంలో వివరంగా రాశాడు. కరక్కాయ, గేదె పాలు అప్పటికీ ఇవే.

శుక్రవారం

తెల్లబడిన గుడ్డకు మళ్లీ పాలు. ఈసారి కరక్కాయ లేకుండా, పాలు నీళ్లు మాత్రమే. ఉడికించి ఉతికేసరికి మొదటి పాలు పోయి ఉంటాయి. ఇప్పుడు పట్టించకపోతే పసుపు, నీలం హద్దులు దాటి పారతాయి.

పసుపుకు కరక పువ్వును నీళ్లలో మరగబెట్టి వడకట్టి, చిటికెడు పటిక వేస్తారు. దానిమ్మ తొక్కలూ వాడతారు. మొద్దు కలంతో నింపడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల పని. హద్దుకు వెంట్రుకవాసి లోపలే ఆపి, మిగతాది రంగు తానే పాకేలా వదులుతారు. నీలం ఎండిన తర్వాత దాని మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. వెలుతురుకు ముందుగా పోయేది పసుపే. పాత తెరల్లో ఆకుపచ్చ హనుమంతుడు నీలివైపు తిరిగిపోవడం అందువల్లే.

నీలం దగ్గర ఈ కళ కాస్త బలహీనం అని ఒప్పుకోవాలి. నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెడితేనే కరిగి పసుపుపచ్చగా మారుతుంది. గాలి తగలగానే మళ్లీ నీలమై గట్టిపడుతుంది. అది గుడ్డలోకి దిగాక జరగాలి, కలం మొన మీద కాదు. విదేశాలకు పోయిన తీరప్రాంతపు గుడ్డల్లో, నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసి మొత్తం గుడ్డను నీలి తొట్టిలో ముంచేవారు. కాళహస్తిలో కలంతోనే రాస్తారు కాబట్టి ఆ లోతు రాదు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో దుకాణం నీలం రంగే. నిజం నీలిమందు వాడేవాళ్లు గుడ్డ ధర పెంచుతారు, పెంచాలి కూడా.

మధ్యాహ్నం తిరుగు దారిలో ఏర్పేడు మీదుగా గుడిమల్లం. పరశురామేశ్వరాలయంలోని లింగం ఐదడుగుల ఎత్తు, దాని ముందు భాగంలో చెక్కిన శివుడు. క్రీస్తుకు పూర్వం నాటిదని చెప్పే అతి పాత శివలింగాల్లో ఒకటి. బట్టల పనివాళ్లు అక్కడ చూడాల్సింది నడుము కింద. మూర్తి కట్టిన పంచె ఎంత పలచనో, రాతిలో కూడా ఒళ్లు కనిపించేలా చెక్కి, కుచ్చెళ్లు మాత్రం కాళ్ల మధ్య గీతలుగా తీశారు. నిండా గీతలతో నింపకుండా గుడ్డను సూచించడం ఎలాగో ఆ శిల్పి నుంచి నేర్చుకోవచ్చు. కలంకారీ కొత్తవాళ్లు చీర మడతలు ఎక్కువ గీసి బొమ్మను బరువు చేసేస్తారు.

శనివారం

చంద్రగిరి మ్యూజియానికి శుక్రవారం సెలవు, అందుకే ఈ రోజుకు పెట్టుకోవాలి. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. మ్యూజియం ఉన్న మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కప్పులకు కలప లేదు. కమాను మీద కమానుగా లేచే ఆ గళ్లు కలంకారీ గీసేవాళ్ల నోటుపుస్తకంలో చేరాల్సినవి.

ఇక్కడ ఇంకో చరిత్ర కూడా ఉంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటిచ్చిన దామర్ల వేంకటాద్రి నాయకుడిది కాళహస్తి సంస్థానం. వారి పైప్రభువు చంద్రగిరి రాయలు. కంపెనీవాళ్లకు ఆ చోటు మీద మోజు పుట్టింది అక్కడ బట్ట చవగ్గా దొరుకుతుందనే. తర్వాత యాభై ఏళ్లు తిరక్కముందే, 1686లో, ఈ రంగు గుడ్డలు వెల్లువెత్తి తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు వాటిని నిషేధించింది. 1700, 1721ల్లో ఇంగ్లండూ చట్టాలు చేసింది. ఆ ఎగుమతి పువ్వుల గుడ్డ వేరు, కాళహస్తి దేవుడి తెర వేరు. చేసే పద్ధతి మాత్రం అన్నదమ్ములదే. 19వ శతాబ్దపు కాళహస్తి తెరలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఊళ్లో పని తగ్గిపోయిన రోజుల్లో చేతిపనుల పునరుద్ధరణకు పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ కలం పట్టినవాళ్లలో చాలామంది పాఠం ఆ కేంద్రం నుంచే ఏదో ఒక దారిలో దిగివచ్చింది. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో కూడా కలంకారీ నేర్పుతారు.

మధ్యాహ్నం తిరుపతి దుకాణాలకు. బోర్డు మీద కలంకారీ అని ఉన్న ప్రతిదీ కలంతో గీసింది కాదు. అచ్చులతో అద్దింది మచిలీపట్నం తరహా. అది వేరే పని, మోసం కాదు. స్క్రీన్ ప్రింటునూ డిజిటల్ ప్రింటునూ చేతి పని ధరకు అమ్మడమే మోసం. గుడ్డ తిరగేసి చూడాలి. కసిమి, మంజిష్ఠ నూలులోకి దిగుతాయి కాబట్టి వెనక కూడా గీత దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. పైన అంటించిన ప్రింటు వెనక పాలిపోయి ఉంటుంది, వేలితో రాస్తే బిరుసుగా తగులుతుంది. తర్వాత ఒకే బొమ్మ రెండుచోట్ల ఉంటే రెండు ముక్కులూ పోల్చాలి. చేత్తో గీస్తే ఎక్కడో ఒక చోట తేడా ఉండి తీరుతుంది. నల్ల గీత మొదట్లో లావుగా, చివర్లో సన్నగా ఉండడం కలం గుర్తు. కొత్త గుడ్డకు పాల వాసన కొద్దిగా వేస్తుంది. సిల్కు మీద వేసినదైతే ఆ వాసన మీద ఆధారపడకూడదు. రాతపనికి శ్రీకాళహస్తి పేరుతో భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ లేబుల్ అడగొచ్చు, ఎవరి ఇంట్లో తయారైందో అడగొచ్చు. చేసినవాళ్ల పేరు చెప్పలేని దుకాణంలో పెద్ద తెర కొనకపోవడం మంచిది.

ఇంటికి తెచ్చుకున్నాక మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతో. నిమ్మ, చింతపండు లాంటి పులుపు తగిలితే నల్ల గీత పోతుంది, బట్టల సోడా తగిలితే పసుపు మారుతుంది. నీడలో, తిరగేసి ఆరేయాలి. గోడకు వేలాడదీస్తే ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి. దాచేటప్పుడు మడవకుండా, లోపల పాత నూలు చీర పెట్టి గొట్టానికి చుట్టాలి. మడత నల్ల గీత మీదుగా పడితే ముందుగా చిరిగేది అక్కడే.